పత్తిపింజలోని ప్రాణము

దసరా గడచి దీపావళి దాటునప్పటికి ఆదిలాబాదు సీమలోని నల్లరేగడి చేలు తెల్లబడును. మంచు కురియు దేశములను గూర్చి పుస్తకములలో చదివి, అట్టి దృశ్యము తమకెన్నడు లభించునా యని తలపోయు బాలురు దూరదేశములకు పోనక్కరలేదు. పెన్‌గంగ యొడ్డున ఏ చేనిగట్టుపై నిలిచి చూచినను చాలును. కనుచూపు మేర పగిలిన పత్తికాయలు తెల్లగా మెరయుచుండును. నడుములకు గుడ్డసంచులు కట్టుకొని స్త్రీలు బారులు తీరి పత్తి నేరుచుందురు. సాయంకాలమునకు ఇండ్ల వసారాలు, గదులు, కొన్ని యెడల పడుకొను మంచము ప్రక్కలు సైతము పత్తితో నిండిపోవును. పిదప ఆ పత్తి బండ్లకెక్కి విపణికి బయలుదేరును. దక్షిణమున కరీంనగరు సీమలో జమ్మికుంట పత్తి విపణియు ఆ దినములలో ఇట్లే కళకళలాడును. 2016వ సంవత్సరమున ఈ రెండు పాత జిల్లాలు అనేక జిల్లాలుగా విభజింపబడినవి. కాని పత్తిచేలకు ఆ యెల్లలు తెలియవు. రేగడి ఉన్నంత మేర పత్తియు ఉన్నది.

అట్టి దినములలో నొకనాడు ఒక కొనుగోలు కేంద్రమునందు ఒక వృద్ధ కర్షకుడు తన బండి ప్రక్కన నిలిచియుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన మనుమరాలు, సెలవుదినము గావున, తాతతో కూడ వచ్చినది. తెల్లవారుజామున బయలుదేరిన ఆ బండికి మధ్యాహ్నమునకు గాని వంతు రాలేదు. ఉద్యోగి తేమ కొలుచు యంత్రపు మొనను పత్తిలో గ్రుచ్చి, అంకె చూచి, "పెద్దయ్యా, 14 చూపుచున్నది. 12 దాటిన పత్తిని కొనుటకు నిబంధన ఒప్పదు. రెండు దినములు ఆరబెట్టి తీసికొని రండు" అని మర్యాదగనే చెప్పెను.

వృద్ధుడు మారు పలుకలేదు. ఆ బండెడు పత్తిమీద విత్తనముల అప్పు, ఎరువుల అప్పు, ఆ బాలిక చదువునకగు వ్యయము ఆధారపడియున్నవి. బండిని వెనుకకు త్రిప్పిన కొంతసేపటికి బాలిక మెల్లగా అడిగినది.

"తాతా, ఆ యంత్రము పత్తిలో దేనిని చూచినది?"

"నీటిని చూచినది, బిడ్డా."

"పత్తి పొడిగానే ఉన్నది గదా! పట్టుకొనిన చేతికి తడి తగులుట లేదు. మరి నీరెక్కడ దాగినది?"

"అది నాకు తెలియదు, బిడ్డా. నీ పుస్తకములో నున్నదేమో చూడుము" అని తాత ఎద్దులను అదలించెను.

ఇంటికి చేరి వారు పత్తిని వాకిటిలో పరచిరి. వృద్ధుడు అలవాటు చొప్పున చిటికెడు దూది తీసికొని, గింజను వేరుచేసి, రెండు బొటనవ్రేళ్ల నడుమ నెమ్మదిగా లాగి చూచెను. పింజ ఎంత పొడుగో, ఎంత బలము గలదో ఆయన వ్రేళ్లు క్షణములో చెప్పగలవు. "మొదటి తీత పింజ బాగున్నది, చివరి తీతలో ఈ బలముండదు" అని ఆయన తనలో తాననుకొనెను. ఆయన అక్షరములు నేర్చినవాడు కాడు. కాని నలుబది యేండ్లుగా ఆయన వ్రేళ్లు కొలుచుచు వచ్చినది జీవకణములనే. ఏలయన పత్తిపింజలోని ఒక్కొక్క పోగు ఒక్కొక్క జీవకణము. మన శరీరములోని కణములలో పెక్కింటిని కంటితో చూడజాలము; సూక్ష్మదర్శిని కావలయును. పత్తి మాత్రము తన కణమును మన చేతికే అందించుచున్నది. అందుచేత జీవకణములోని నిర్మాణములను, అవి చేయు పనులను తెలిసికొనగోరు విద్యార్థికి పత్తిని మించిన గురువు దొరకుట అరుదు.

కణమను మాట పుట్టిన కథయు పత్తికథను పోలియున్నది. 1665వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు రాబర్ట్ హుక్ బెరడు ముక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినితో చూచెను. తేనెపట్టులోని గదులవంటి చిన్న చిన్న గదులు ఆయనకు కనబడినవి. వానికి ఆయన చిన్నగది యని అర్థమిచ్చు పేరు పెట్టెను. కాని ఆయన చూచినవి ఖాళీ గదులు. వానిలో నివసించిన జీవము ఎప్పుడో వెడలిపోయినది, గోడలు మాత్రము మిగిలినవి. 1831లో రాబర్ట్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు మొక్కల కణములలో కేంద్రకమును గుర్తించెను. 1838, 1839 సంవత్సరములలో జర్మనీ దేశీయులైన ష్లైడన్, ష్వాన్ అనువారు మొక్కలును జంతువులును కణములతోనే నిర్మింపబడినవని చాటిరి. ఖాళీగదిలో నొకప్పుడు ఎవరుండిరో, ఏమి చేయుచుండిరో లోకము తెలిసికొనుటకు ఇన్ని యేండ్లు పట్టినది. పత్తిపోగును చేతబట్టుకొనిన మనమును హుక్ వలెనే ఖాళీగదిని పట్టుకొనియున్నాము. ఆ గదిలో మునుపు నడచిన కాపురమెట్టిదో చూతము.

మృగశిర కార్తెలో తొలకరి పడగానే నాటిన విత్తు రెండు మాసములకు పూతకు వచ్చును. పత్తిపువ్వు విచ్చిన దినమున లేత వెన్నెలరంగున నుండి, మరునాటికి గులాబిరంగునకు తిరుగును. ఆ పువ్వు లోపల కాయగా మారవలసిన చిన్న గూడులో బీజాండములు వరుసగా అమరియుండును. పువ్వు విచ్చిన దినముననే బీజాండపు పైపొరలోని కణములలో కొన్ని ఉబ్బి, నునుపైన నేలపై మొలకలవలె పైకి లేచును. పొరలోని ప్రక్క కణములు గింజతొక్కుగా మిగిలిపోవును. ఈ లేచిన కణములే పోగులగును. ఒక్క గింజమీద పదివేలకు మించిన పోగులుండును. ఒక్క కాయలో ఇరువది ముప్పది గింజలుండును. కావున అరచేతిలో నిముడు ఒక్క పత్తికాయలో లక్షల కొలది కణములు ఏకకాలమున పెరిగినవని గ్రహింపవలయును. ఒక్కొక్క పోగు మూడువారములకు అటునిటుగా సుమారు మూడు సెంటీమీటర్ల వరకు సాగును. దాని వెడల్పో మిల్లీమీటరులో ఏబదవ వంతు మాత్రమే. మూర వెడల్పు గల వస్తువు వేయి మూరలకు పైగా పొడుగు పెరిగిన ఎట్లుండునో ఊహింపుడు!

ఇంతటి పనికి ఆజ్ఞ ఇచ్చువాడెవడు? కణము నడుమనున్న కేంద్రకము. ఇంటి యజమాని పెట్టెలో వంశపారంపర్యముగా వచ్చిన పత్రములను దాచినట్లు కేంద్రకము తనలోని క్రోమోజోములందు డి.ఎన్.ఏ. అను పొడవైన దారపు రూపమున సకల విధులను దాచియుంచును. మూలపత్రమును అది బయటకు పంపదు. అవసరమైన భాగమునకు నకలు తీయించి పంపును. ఆ నకలు కణద్రవ్యములోని రైబోజోములను చేరును. రైబోజోములు ఆ నకలును చదివి, అందు చెప్పిన వరుసలో అమినో ఆమ్లములను గ్రుచ్చి మాంసకృత్తులను తయారుచేయును. మన దేశమున చిదంబరమున జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఈ రైబోజోముల నిర్మాణమును వివరించి 2009లో మరియిద్దరితో కూడ నోబెల్ బహుమానమును పొందెను. గింజతొక్కుగా మిగిలిన కణమునందును, పోగుగా సాగిన కణమునందును ఉన్న పత్రములు ఒక్కటే. చదివిన పుటలు మాత్రము వేరు. ఒకే పాఠశాలలో చదివినవారిలో ఒకడు కమ్మరియు ఒకడు వైద్యుడును అయినట్లు, చదివిన పుటలను బట్టి కణముల వృత్తులు మారుచుండును.

ఆజ్ఞ ఉన్నంత మాత్రమున పని జరుగదు, శక్తి కావలయును. ఆ శక్తిని సమకూర్చునవి మైటోకాండ్రియాలు. ఇవి రెండు పొరలు గల సూక్ష్మమైన తిత్తులు. లోపలి పొర ముడతలు ముడతలుగా మడచియుండును. ఆకులనుండి వచ్చిన చక్కెర కొంత కణద్రవ్యమునందే విరిగి, దాని భాగములు ఈ తిత్తులను చేరి ప్రాణవాయువుతో కలిసి మెల్లమెల్లగా దహింపబడును. అందు వెలువడిన శక్తి ఏ.టి.పి. అను పదార్థమునందు నిలువయగును. కణములో ఎచ్చట పని జరిగినను చెల్లింపబడు నాణెము ఇదియే. ఈ నాణెమును కనుగొనినవారిలో నొకడు తెలుగువాడని తెలిసిన ఏ విద్యార్థి మనస్సు ఉప్పొంగదు? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి 1923లో అమెరికాకు వెడలెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కూడి, కండరములలో ఏ.టి.పి. ఉన్నదని 1929లో ప్రకటించెను. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగ దానిని కనుగొనెను. సుబ్బారావు కనుగొనినది కండరములలోనిది. కాని నాగలి పట్టిన రైతు చేతికండలోను, ఆ రైతు చేనిలోని పత్తిపోగులోను చెల్లునది ఆ నాణెమే.

చక్కెర ఎచ్చటనుండి వచ్చినది? పత్తి ఆకులలోని హరితరేణువులనుండి. ఆ పచ్చని గుళికలు సూర్యరశ్మిని పట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును వేళ్లు పీల్చిన నీటితో కలిపి చక్కెరను తయారుచేయును. అది కాడల వెంట ప్రవహించి కాయను చేరును. ఆకుకు తెగులు సోకినను, పురుగు ఆకుల రసమును పీల్చివేసినను పోగు బలహీనమగుటకు కారణమిదియే. ఆకు చెడి పత్తి బాగుండుట జరుగదు.

ఇక పోగు సాగు విధము మిక్కిలి వింతయైనది. కణము లోపల రిక్తిక యను పెద్ద నీటితిత్తి కలదు. పోగు లోపలి చోటు అధికభాగము దీనిదే. కణము ఈ తిత్తిలోనికి చక్కెరలను, లవణములను చేర్చును. ఉప్పువేసిన మామిడిముక్కలు నీరూరునని ఊరగాయ పెట్టు ప్రతి గృహిణికిని తెలియును. అచ్చట ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగును. ఇచ్చట తిత్తిలోని లవణములు బయటి నీటిని లోనికి లాగును. నీరు నిండినకొలది లోపలి ఒత్తిడి పెరుగును. లేతగోడ ఆ ఒత్తిడికి సాగును. ప్రక్క కణములతో రాకపోకలకు కణపు గోడలలో మిక్కిలి సన్నని ద్వారములుండును. పోగు వేగముగ సాగు దినములలో కొంతకాలము ఆ ద్వారములు మూసికొనిపోవునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ద్వారములు తెరచియున్న ఒత్తిడి జారిపోవును గదా! ఈ మూడు వారములలో వాన మొగము చాటుచేసిన నీరందక, ఒత్తిడి చాలక పింజ పొట్టిదగును. శ్రావణ భాద్రపదములలో రైతు ఆకాశమువైపు చూచుట కణములోని ఆ నీటితిత్తి కొరకే.

సాగిన గోడకు కొత్త సరకు చేరుచుండవలయును; లేనిచో అది పలుచబడి పగిలిపోవును. ఆ సరకును సమకూర్చుటకు కణములో పెద్ద వ్యవస్థయే ఉన్నది. అంతర్జీవద్రవ్యజాలము అను పొరల అల్లిక కేంద్రకము చుట్టునుండి వ్యాపించియుండును. దానిపై నంటియున్న రైబోజోములు చేసిన మాంసకృత్తులు ఆ జాలము వెంట సాగి గాల్జి సంక్లిష్టమును చేరును. ఇటలీ దేశీయుడైన గాల్జి 1898లో వర్ణించిన ఈ నిర్మాణము పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. తపాలా కార్యాలయమున ఉత్తరములను వేరుచేసి ముద్రవేసి ఆయా ఊళ్లకు పంపినట్లు, గాల్జి సంక్లిష్టము సరకులను సవరించి, చిన్న తిత్తులలో నుంచి, కణపు అంచునకు పంపును. అచ్చట కణత్వచము అను పలుచని పొర కాపలాయున్నది. ఏది లోనికి రావలయునో, ఏది రాగూడదో నిర్ణయించునది అదియే. ఆ పొరలోనే సెల్యులోజును వడకు సూక్ష్మయంత్రములు అమరియుండును. అవి చక్కెర అణువులను వేలకొలది ఒక వరుసలో కూర్చి దారములుగా బయటకు విడుచును. పొర లోపలి వైపున సూక్ష్మనాళికలు పట్టాలవలె నిలిచి, ఆ దారములు ఏ దిక్కున సాగవలయునో నిర్దేశించును. మానవుడు రాట్నము కనిపెట్టకమునుపే పత్తికణము తనలో తాను వడకుచుండెను.

సాగుట ముగియుచుండగా గోడను దట్టము చేయు పని ఆరంభమగును. ఇదియే పింజకు బలము నిచ్చు ఘట్టము. మూడు వారములకు తక్కువ గాకుండ కణము లోపలివైపునుండి పొరపై పొరగా సెల్యులోజును చేర్చుచుండును. పోగును అడ్డముగ కోసి తగిన విధమున చూచిన, చెట్టు మానులోని వలయముల వంటివి అందు కనబడును. చెట్టు వలయము ఒక యేటికి గుర్తు. పత్తి వలయము ఒక దినమునకు గుర్తు. ఈ సంగతిని ఈజిప్టు పత్తిని పరిశోధించిన లారెన్స్ బాల్స్ 1919లో ప్రకటించెను. పగటి వేడిమికి, రాత్రి చల్లదనమునకు గల భేదము వలన ఈ వలయములు ఏర్పడును. కావున ప్రతి పోగు ఒక దినచర్య పుస్తకము. ఏ దినము ఎండ కాసినదో, ఏ రాత్రి చలి వణికించినదో అందు లిఖింపబడియుండును. తెలంగాణమున చలికి పేరుపడినది ఆదిలాబాదు సీమ. కార్తిక మార్గశిరములలో రాత్రులు మిక్కిలి చల్లబడగా సెల్యులోజు చేరు వేగము తగ్గును. ఆలస్యముగ పూచిన పువ్వుల కాయలలో పోగుల గోడలు పలుచనగును. "చివరి తీతలో ఈ బలముండదు" అని వృద్ధుని వ్రేళ్లు పలికిన మాటకు అర్థమిది. పుస్తకము చదివినవాడును చేను చదివినవాడును ఇచ్చట ఒక్కచోటికే చేరుచున్నారు.

పూచిన దినమునుండి ఏబది దినములు గడచునప్పటికి పని పూర్తియగును. పిదప కణము చనిపోవును. కాయ ఎండి పగులును; గాలి తగిలి నీటితిత్తి ఇంకిపోవును. ఆజ్ఞలిచ్చిన కేంద్రకము, శక్తినిచ్చిన మైటోకాండ్రియాలు, సరకులు పంపిన గాల్జి సంక్లిష్టము అన్నియు ఎండి, పోగు నడుమ సన్నని చారగా మాత్రమే మిగులును. గుండ్రని గొట్టముగా నుండిన పోగు చప్పబడి, మెలికలు తిరిగిన పట్టీవలె అగును. ఈ మెలికలే లేకున్న పోగులు ఒకదానినొకటి పట్టుకొనవు, దారము నిలువదు. మెట్‌పల్లి ఖాదీ పేరు వినని వారు కరీంనగరు సీమలో అరుదు. రాట్నముపై దూది ఏకు నుంచి నూలు తీయు స్త్రీ చేతిలో తెగకుండ సాగునది ఈ మెలికల బలమే. మనము ధరించు నూలుబట్ట అంతయు జీవకణములు తాము కట్టి విడిచిపోయిన గోడల అల్లికయే. ఆ గోడలలో నూటికి తొంబది పాళ్లకు పైగా సెల్యులోజే.

కణపు కథ రైతునకు లాభముగనే గాక కష్టముగను పరిణమించిన సందర్భము కలదు. పత్తికాయను తొలుచు పురుగులు పంటను నాశము చేయుచుండగా, 2002లో మన దేశమున బి.టి. పత్తికి అనుమతి లభించినది. నేలలో నివసించు ఒక సూక్ష్మజీవి డి.ఎన్.ఏ.లోని భాగమును పత్తికణపు కేంద్రకమునందు చేర్చిరి. రైబోజోములు ఆ కొత్త ఆజ్ఞను కూడ చదివి, పురుగునకు విషమగు మాంసకృత్తును తయారుచేయసాగినవి. పురుగు ఆకును, కాయను కొరికినపుడు ఆ మాంసకృత్తు దాని ప్రేగులోని కణములను చేరి, కణత్వచమున రంధ్రములు చేయును. కాపలా తెగిన కణములోనికి నీరు చొరబడి కణము పగులును, పురుగు చచ్చును. చాలకాలము ఈ ఉపాయము పనిచేసినది. కాని ప్రకృతి ఊరకుండదు. కణత్వచముపై ఆ విషము పట్టుకొను చోటు కొంచెము మారిన పురుగులు కొన్ని బ్రతికి, తమ వంటి సంతానమును పెంచినవి. గులాబిరంగు కాయతొలుచు పురుగు బి.టి. పత్తిలోని మొదటి విషమునకు లొంగుట లేదని 2010 నాటికి గుజరాతునుండి వార్త వచ్చినది. 2006లో వచ్చిన రెండు విషముల రకమునకును అది తరువాత అలవడినది. తాళము మారగా పాత తాళపుచెవి పనికిరాదు గదా! బి.టి. చేని చుట్టు మామూలు పత్తి వరుసలు కొన్ని నాటవలెనని శాస్త్రజ్ఞులు ముందే చెప్పియుండిరి. అచ్చట పెరిగిన మామూలు పురుగులు మొండి పురుగులతో జతకట్టిన, మొండితనము త్వరగా వ్యాపింపదు. ఈ మాటలోని కారణము తెలియక పెక్కురు ఆ గింజలను ప్రక్కన పారవైచిరి. కారణము తెలియని నియమము బరువుగా తోచును. కారణము తెలిసినచో అది కాపలాగా కనబడును.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు మరలుదము: పొడిగా కనబడు పత్తిలో నీరెక్కడ దాగినది? సెల్యులోజు చక్కెరతో చేయబడినది. చక్కెరకు నీటిపై మక్కువ మెండు. వానకాలమున మూత తీసిన బెల్లము చెమ్మగిలుట చూడలేదా? సెల్యులోజు బెల్లమువలె కరగిపోదు గాని, దాని దారముల సందులలో నీటి అణువులను పట్టియుంచుకొనును. అందుచేతనే నూలుబట్ట చెమటను పీల్చి శరీరమునకు హాయి గొలుపును. గాలిలో మామూలు తేమ ఉన్నపుడు ఆరిన పత్తియు నూటికి ఏడెనిమిది పాళ్ల నీటిని ఉంచుకొనును. అది దాని స్వభావము. 8 పాళ్ల వరకు తేమను దోషముగ నెంచకుండుటలోని న్యాయమిది. మంచు వీడక ముందు ఏరిన పత్తిలో దీనికి తోడు పైనీరు చేరును. అట్టి పత్తిని కుప్పవేసిన వేడెక్కును. బూజు పుట్టి కణపు గోడలనే తినివేయును. తెల్లదనము మాసి పసుపుపచ్చన తిరుగును. తడి హెచ్చినకొలది పత్తిలో విద్యుత్తు సులభముగ ప్రసరించును. తేమ యంత్రము కొలుచునది దానినే. 1970లో స్థాపింపబడిన భారత పత్తి సంస్థ ఇటీవలి సంవత్సరములలో 8 పాళ్ల తేమకు పూర్తి ధర యిచ్చుచు, ఆపై 12 వరకు పాలునకు పాలు తగ్గించుచు వచ్చినది. 2024-25 పంటకాలమున పొడుగుపింజ పత్తికి మద్దతుధర క్వింటాలునకు 7,521 రూపాయలు. ఆ ధరకు తేమ ఒక పాలు హెచ్చిన క్వింటాలునకు డెబ్బదియైదు రూపాయలు పోయెడివి. చిన్నకమతపు రైతునకు అది చిన్న మొత్తము కాదు.

ఆ సాయంకాలము బాలిక తన విజ్ఞానశాస్త్ర పుస్తకమును తెరచి కణము బొమ్మను చూచినది. మరునాడు బడిలో ఉపాధ్యాయుని అడిగినది. ఇంటికి వచ్చి, "తాతా, నీరు గోడలో దాగినది" అని చెప్పినది. ఏ గోడయని తాత అడుగగా, ఒక్క పోగును తీసి వెలుతురునకు పట్టి, ఇది ఒక ఇల్లనియు, కట్టినవారు వెడలిపోయిరనియు, గోడ మాత్రము మిగిలినదనియు తన మాటలలో వివరించినది. వృద్ధుడు చాలసేపు ఆ పోగును చూచెను.

"ఏబది దినములు పనిచేసి, తనకేమియు మిగుల్చుకొనక పోయినదన్నమాట" అని ఆయన అనెను.

"అవును తాతా."

"అట్లయిన దానిని మనము మంచులో తడిపి చెడగొట్టుట తప్పు, బిడ్డా. రేపటినుండి ప్రొద్దెక్కి మంచు ఆరిన పిదపనే ఏరుదము."

రెండు దినములు వాకిటిలో పత్తి ఎండినది. గంటకొకసారి బాలిక దానిని తిరుగవేసినది. మూడవనాడు బండి మరల కొనుగోలు కేంద్రమునకు చేరినది. ఉద్యోగి యంత్రపు మొనను గ్రుచ్చగా బాలిక ఊపిరి బిగబట్టి చూచినది. అంకె 9 వద్ద నిలిచినది. ఒక పాలు పోయినది, పంట నిలిచినది. తూకము వేయుచుండగా వృద్ధుడు చిటికెడు దూదిని తీసి మనుమరాలి అరచేతిలో నుంచి, "దీనిని నీ పుస్తకములో దాచుకొనుము" అని చెప్పెను. ఆ దూది నేటికిని ఆ పుస్తకములో, కణము బొమ్మ ఉన్న పుటలోనే ఉన్నది.